బిడ్డ ముఖం తిప్పుకుంటే తల్లి అక్కర్లేదనా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో నవజాత శిశువుల ఐసీయూలో పనిచేస్తాను. తల్లి వాడిన హెరాయిన్, ఫెంటానిల్, మత్తునిచ్చే నొప్పి మాత్రల (వీటన్నిటినీ ఓపియాయిడ్లు అంటారు) ప్రభావం కడుపులోనే పడిన పిల్లలు మా వార్డుకు వస్తుంటారు. వాళ్ల గురించి తరచూ వినే మాటలివి.

అపోహ: ఆ బిడ్డ పుట్టుకతోనే మత్తుకు బానిస.

హాని అని తెలిసీ వెంటపడితే వ్యసనం. పసిగుడ్డు దేని వెంట పడుతుంది? పుట్టగానే మందు అందడం ఆగిపోతుంది, అలవాటుపడ్డ ఒళ్లు వణుకుతుంది, ఏడుపు ఆగదు, నిద్ర పట్టదు. చికిత్సతో తగ్గిపోతుంది.

అపోహ: తల్లి పలకరిస్తే ముఖం తిప్పేసుకుంటోంది, బంధం కుదరలేదు.

నేను ఎక్కువసేపు కూర్చుని చెప్పేది దీని గురించే. ఈ పిల్లలకు వెలుతురు, చప్పుడు, స్పర్శ అన్నీ ఒకేసారి తగిలితే తట్టుకోలేరు. చూపు మరల్చుకోవడం వాళ్లకు చేతనైన ఒకే ఒక్క విరామం. తల్లి మాత్రం ‘నేను చేసిన పనికి నన్ను వద్దంటోంది’ అనుకుంటుంది. బెంగతో ఇంకా గట్టిగా పిలుస్తుంది, ఊపుతుంది. లేదా మంచం దగ్గరికి రావడమే తగ్గిస్తుంది. నర్సులు కొందరు అప్పుడే ‘ఈవిడకు పట్టదు’ అని రాసేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. లైటు తగ్గించి, బిడ్డ చేతులు గుండె మీదికి చేర్చి పట్టుకోమంటాను. మాట్లాడితే ఊపొద్దు, ఊపితే మాట్లాడొద్దు. బిడ్డ తనంతట తాను మళ్లీ చూసేదాకా ఆగాలి. చూస్తుంది.

అపోహ: అలాంటి తల్లిని దూరంగా ఉంచడమే మేలు.

పాలు తాగుతోందా, నిద్రపోతోందా, ఎత్తుకుంటే ఊరుకుంటోందా అని చూసి, ముందు ఒడి, తర్వాతే మందు అనే పద్ధతిని 26 అమెరికా ఆసుపత్రుల్లో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. ఇంటికి పంపదగ్గ స్థితికి రావడానికి సగటున 14.9 రోజులు పట్టేది, 8.2 రోజులకు తగ్గింది. మార్ఫిన్ లాంటి మందు అవసరమైన పిల్లలు 52 శాతం నుంచి 19.5 శాతానికి తగ్గారు.

అపోహ: గర్భమని తెలియగానే అన్నీ ఒక్కసారిగా మానేయాలి.

ఓపియాయిడ్లకు అలవాటుపడ్డవాళ్లకు మెథడోన్ లేదా బ్యుప్రెనార్ఫిన్ (ఆ మత్తుకు బదులుగా డాక్టర్లు ఇచ్చే మందులు) చికిత్స ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. వేరే అడ్డంకులు లేకపోతే చనుబాలూ పట్టొచ్చు. తెలంగాణలో అల్ప్రజోలం అనే మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లూ హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. గర్భిణి అయితే డాక్టరు పర్యవేక్షణలోనే తగ్గించుకోవాలి.

అపోహ: కొకైన్ తగిలిన బిడ్డ బతుకంతా పాడే.

1980ల్లో అమెరికా పత్రికలు ఇలాగే హడలెత్తించాయి. ఫిలడెల్ఫియాలో డాక్టర్ హాలమ్ హర్ట్ బృందం అలాంటి పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తే, కొకైన్ కంటే పేదరికమే ఎక్కువ దెబ్బతీసిందని తేలింది. మద్యం విషయంలో ఆ ఊరట లేదు, పిండం మెదడుకు అది చేసే హాని జీవితాంతం ఉంటుంది. దాని గురించి మాత్రం నన్ను అడిగేవాళ్లు తక్కువ.