ఒకే జాతి మందు: ఒకసారి 22 ఏళ్లు, ఒకసారి ఒక్కరోజు

1960ల చివర్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో కాన్పుల డాక్టర్ గ్రాహం లిగ్గిన్స్ గొర్రెల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. కడుపులో ఉండగానే స్టెరాయిడ్ అందిన ఒక గొర్రెపిల్ల, బతికే వీల్లేనంత ముందుగా పుట్టి కూడా ఊపిరి పీలుస్తూ కనిపించింది. మందు దాని ఊపిరితిత్తులను ముందే సిద్ధం చేసిందన్నమాట. పిల్లల డాక్టర్ రాస్ హౌవీతో కలిసి ఆయన, నెలలు నిండకుండానే ప్రసవించబోతున్న 282 మంది తల్లులలో దీన్ని పరీక్షించాడు. 1972లో ఫలితం వచ్చింది. మందు అందని వర్గంలో 15 శాతం పసికందులు తొలిరోజుల్లోనే చనిపోతే, అందిన వర్గంలో 3.2 శాతమే.

కథ అక్కడితో ముగియాలి. కానీ అమెరికాలో జాతీయ నిపుణుల బృందం దీన్ని గట్టిగా సిఫారసు చేసేసరికి 1994 అయింది. అప్పటికి అక్కడ అవసరమైన తల్లుల్లో ఐదోవంతు మందికి కూడా ఈ సూది పడటం లేదు.

డాక్టర్ల మొండితనం అనేసి ఊరుకోవచ్చు. నాకైతే కారణం ఆసుపత్రి గోడల్లో కనిపిస్తుంది. సూది వేసేది కాన్పుల వార్డులో, ఫలితం తెలిసేది పసిపిల్లల వార్డులో. తల్లికి ఇన్ఫెక్షన్ వస్తుందేమోనన్న భయం కాన్పు డాక్టర్‌కి కళ్లెదుటే ఉంటుంది. బతికిన బిడ్డ మాత్రం ఆ కంట పడదు. పైగా తర్వాతి ట్రయల్స్ చాలావరకు చిన్నవి. విడివిడిగా ఏదీ తేల్చిచెప్పదు, అన్నీ కలిపి లెక్కేస్తేనే తేలుతుంది. ఆ లెక్క వేయడం చాలాకాలం ఎవరి పనీ కాలేదు. చివరికి వేసినప్పుడు గీసిన గ్రాఫ్ బొమ్మే ఇవాళ, వైద్య ట్రయల్స్‌ను ఇలా కలిపి లెక్కగట్టే కాక్రేన్ సంస్థ చిహ్నం.

ఇప్పుడు 2020కి రండి. బ్రిటన్‌లో కోవిడ్ మందులను పరీక్షించే రికవరీ ట్రయల్ మార్చిలో మొదలైంది. మామూలు వార్డుల్లో, అక్కడి సిబ్బందితోనే, చిన్న ఫారంతో నడిచింది. అదే జాతి స్టెరాయిడ్ అయిన డెక్సామెథాసోన్ వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలను మూడోవంతు తగ్గిస్తుందని జూన్ 16న ప్రకటించారు. అదే రోజు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాడకానికి అనుమతి వచ్చింది. మహమ్మారి తొందర ఎలాగూ ఉంది. కానీ పరీక్షించిన చోటే వాడే చోటు కావడం, మందు అప్పటికే అలమరలో ఉండటం అంతకంటే పెద్ద సంగతి.

వేగానికి మరో ముఖమూ ఉంది. 2015లో, స్కానింగ్ సదుపాయం అంతగా లేని ఆరు దేశాల ప్రాంతాల్లో గర్భిణులకు స్టెరాయిడ్‌ను విస్తృతంగా ఇచ్చిన ట్రయల్‌లో, మొత్తంమీద శిశుమరణాలు పెరిగాయి! నెలలు సరిగా లెక్కగట్టి, పసిబిడ్డల సంరక్షణ ఉన్న ఆసుపత్రుల్లో మళ్లీ పరీక్షించి 2020లో ఫలితం వెల్లడిస్తే, మరణాలు తగ్గాయి. రెండుసార్లూ వాడింది డెక్సామెథాసోనే.