చల్లపెట్టెలో ఎద్దుల జత

చిరంజీవులు పండుకు, చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు తోచలేదు. "కారులో పెట్టుకునే ఈ రెండు చల్లపెట్టెలూ చూడటానికి ఒకేలా ఉన్నాయి. ఒకదాని ధర రెండోదానికి నాలుగింతలు. రెండింట్లోనూ ఐసు వేయరట. మరి చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది తాతయ్యా?" అన్నావు. కొండ ప్రయాణానికి వీటిలో ఏది కొనాలో తేలక మీ నాన్న వారం రోజులుగా కనబడ్డవాళ్లందరినీ అడుగుతున్నాడు. ఇద్దరికీ కలిపి ఈ ఉత్తరం.

చల్లదనం ఎక్కడి నుంచీ రాదమ్మా. లోపలి వేడిని తోడి బయట పోస్తారు, అంతే.

మా చిన్నప్పుడు పొలంలో మోట బావి ఉండేది. ఎద్దులు ఏటవాలుగా దిగుతుంటే తోలు బొక్కెన నిండుగా పైకొచ్చి కాలవలో కుమ్మరించేది. అవి వెనక్కి అడుగులు వేస్తే ఖాళీ బొక్కెన మళ్లీ బావిలోకి. దిగేటప్పుడు బరువు కలుస్తుందని మా నాయన మోకు మీద కూర్చునేవాడు. ఒక్కోసారి నన్నూ ముందు కూర్చోబెట్టుకునేవాడు. తడిసిన మోకు తొడలకు గీరుకుని ఎర్రటి చారలు తేలేవి. మా అమ్మ వాటికి కొబ్బరినూనె రాస్తూ నాయనను తిట్టేది. మర్నాడు మళ్లీ నేనే ముందు తయారు. సరే, పెట్టె సంగతి.

ఖరీదైన పెట్టె లోపలి భాగం బావి. అందులోని వేడి నీళ్లు అనుకోండి. గ్యాసును నొక్కే మోటారు, అదే కంప్రెసర్, ఎద్దుల జత. గొట్టాల్లో తిరిగే గ్యాసు తోలు బొక్కెన. పెట్టె పక్కనున్న జాలీ దగ్గర చెయ్యి పెడితే వెచ్చటి గాలి తగులుతుంది; అదే కాలవ. జాలీకి ఆనించి దుప్పట్లు కుక్కారంటే కాలవకు అడ్డుకట్ట వేసినట్టే. మూత తీసిన ప్రతిసారీ ఊళ్లో నీళ్లన్నీ బావిలోకి పారినట్టు. లోపల ఏముందో చూద్దామని గంటకు నాలుగుసార్లు మూత ఎత్తే పండుగారు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

గ్యాసు వేడిని ఎలా మోస్తుందంటావా? నానమ్మకు సూది వేసే ముందు స్పిరిట్ దూదితో తుడుస్తారు కదా, ఈసారి నీ చేతి మీద రాయించుకో. చల్లగా జిల్లుమంటుంది. స్పిరిట్ ఆవిరవుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. పెట్టె గోడల్లోనూ అదే జరుగుతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కి, బయట వేడి దింపించి, మళ్లీ ద్రవం చేసి లోపలికి తోలుతుంది.

చవక పెట్టెలో ఎద్దులూ లేవు, బొక్కెనా లేదు. కరెంటు పారితే ఒక పక్క చల్లబడి మరో పక్క వేడెక్కే చిన్న బిళ్ల, దానికో ఫ్యాను. బయటి వేడి కన్నా సుమారు 20 డిగ్రీలు తగ్గించడంతో దాని శక్తి అయిపోతుంది. నెల్లూరులో మే నెల మధ్యాహ్నం 42 ఉంటే లోపల 22. మామిడిపండ్లకు చాలు. నానమ్మ తెరవని ఇన్సులిన్‌కు మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టినా పాడవుతుంది కనుక పెట్టెను 5 దగ్గర పెట్టి, మందును గోడకు తగలకుండా ఉంచండి. కిందటేడు థర్మోకోల్ పెట్టెలో ఐసు పోసుకుని వెళ్లాం, గుర్తుందా? రెండో రోజుకు పెరుగు గిన్నెలో నీళ్లు, నాని ఊడిన మందు అట్ట. డబ్బు ఎక్కువైనా కంప్రెసర్ పెట్టే కొనమనండి.

ఇక నాన్నకు. ఐదుగురికి, మూడు రోజులకు 40 లీటర్లది సరిపోతుంది. ముందు డిక్కీని టేపుతో కొలవాలి. మూత పైకి తెరుచుకునేదే మేలు. చల్లగాలి బరువు కనుక కుండలో నీళ్లలా అడుగునే ఉంటుంది. అసలు చిక్కు ఎద్దుల మేతతో, అంటే కరెంటుతో. మోటారు 45 వాట్లదైతే 12 వోల్టుల బ్యాటరీ నుంచి నాలుగు ఆంపియర్ల దాకా లాగుతుంది. రోజులో ఎనిమిది గంటలు తిరిగినా దాదాపు 30 ఆంపియర్-అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క) అవుతుంది. మీ చిన్న కారు బ్యాటరీ మొత్తమే 35. తెల్లారి కొండ మీద కారు కదలదు! వేరే లిథియం బ్యాటరీ తీసుకోవాలి. బ్యాటరీ నీరసిస్తే తనంతట తానే ఆగే ఏర్పాటు పెట్టెలో ఉందో లేదో దుకాణంలోనే అడగాలి. మా నాయన ఎద్దులు నురగ కక్కకముందే కాడి దించేవాడు. ముందు రోజు రాత్రే ఇంటి కరెంటు మీద పెట్టెను చల్లబరిస్తే దారిలో కొంత మేత మిగులుతుంది.

బయట ఎండ ముదిరేకొద్దీ బావి లోతు పెరిగినట్టే, ఎద్దులకు ఆయాసం. మీరు వెళ్లే హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు. అక్కడ బావి లోతు ఎంత తగ్గుతుందో నేను చెప్పను.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం గడియారం పెట్టుకుని, గంటలో మోటారు ఎన్ని నిమిషాలు తిరిగిందో రాయండి. కొండ మీద అందరూ పడుకున్నాక పెట్టెకు చెవి ఆనించి మళ్లీ లెక్కపెట్టండి. మూత తీయకూడదు. ఫోను చేసి చెప్పనూ వద్దు. మర్నాడు మదనపల్లిలో బస్సెక్కి నేనే వస్తాను, కాగితం నా చేతికివ్వండి.

మీ
తాతయ్య