ఉపగ్రహం పైన, ఊరు కింద: అంతరిక్షం గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

రాకెట్లు తయారు చేయడం నా పని కాదు. ఉపగ్రహం పంపిన సమాచారం ఎవరి దాకా చేరింది, ఎక్కడ ఆగిపోయింది అని చూసే సామాజిక పరిశోధన నాది. తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పేద దేశం డబ్బంతా ఆకాశంలో పోస్తోంది.

వాస్తవం: 2024-25 కేంద్ర బడ్జెట్ సుమారు 48 లక్షల కోట్లు. అందులో అంతరిక్ష శాఖకు ఇచ్చింది దాదాపు 13 వేల కోట్లు. అంటే వంద రూపాయల్లో 27 పైసలు. అలాగని లెక్క అడగొద్దని కాదు, అడగాల్సిందే.

అపోహ: ఉపగ్రహాలు వచ్చాయి, తుపాను చావులు తగ్గాయి.

వాస్తవం: ఇది సగం నిజం. 1999 అక్టోబర్‌లో ఒడిశాను సూపర్ సైక్లోన్ ముంచినప్పుడు మన ఇన్సాట్ ఉపగ్రహం పైనే ఉంది, మేఘాల ఫొటోలూ వచ్చాయి. అయినా పది వేల మంది దాకా చనిపోయారు. 2013లో అదే తీరానికి ఫైలిన్ తుపాను వచ్చింది. సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య వంద దాటలేదు. మధ్యలో అంచనాలు మెరుగుపడ్డ మాట నిజమే. కానీ తుపాను షెల్టర్లు కట్టారు, విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థ పెట్టారు, ఊళ్లలో వాలంటీర్లకు శిక్షణ ఇచ్చారు. గొడ్లనూ వలలనూ వదిలి రానని మొండికేసే పెద్దాయన్ను కదిలించేది శాటిలైట్ ఫొటో కాదు, తెలిసినవాళ్లు వచ్చి చెప్పే మాట.

అపోహ: అంతరిక్షం ఇంజనీర్ల వ్యవహారం, సామాజిక శాస్త్రానికి అక్కడేం పని?

వాస్తవం: 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి, తెలుగులోనూ ప్రసారాలు వచ్చాయి. కోళ్ల జాలీతో చేసిన యాంటెన్నా గురించి అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యం. మానవ శాస్త్రవేత్తలు కొన్ని ఊళ్లలోనే మకాం పెట్టి, ఎవరు చూస్తున్నారో, ఏది అర్థం కావడం లేదో రాసుకున్నారు. మొదట్లో ఎగబడిన జనం తర్వాత పలచబడిన సంగతీ దాచలేదు.

అపోహ: నాన్‌స్టిక్ పెనం కూడా అంతరిక్షం చలవే.

వాస్తవం: ఆ పెనానికి పూత పూసే టెఫ్లాన్ దొరికింది 1938లో. నాసా పుట్టింది 1958లో.

అపోహ: లాభం అందరిదీ, నష్టం ఎవరికీ లేదు.

వాస్తవం: రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎందుకు ఎంచుకున్నారంటే తూర్పు తీరమనీ, భూమధ్యరేఖకు దగ్గరనీ ఠక్కున చెబుతాం. అప్పటికి ఆ దీవి ఖాళీగా లేదు. అడవినీ చేపల వేటనూ నమ్ముకున్న యానాదులు అక్కడ బతికేవారు. కేంద్రం కోసం వాళ్లు ఊళ్లు వదలాల్సి వచ్చింది. మా రంగంలో వేసే లాభనష్టాల లెక్కల్లో కూడా ఈ పద్దు అరుదుగానే కనిపిస్తుంది.