అమీబా కడుపులో పెరిగే న్యుమోనియా

తిరుపతిలో లాడ్జి నడుపుతున్న పాఠకుడొకరు ఈ మధ్య ఒక ప్రశ్న పంపారు. లెజియొనైర్స్ వ్యాధి, అంటే లెజియొనెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా, నిల్వ నీటి నుంచి వస్తుందని ఆయన చదివారు. ట్యాంకులో క్రమం తప్పకుండా బ్లీచింగ్ పౌడర్ కలుపుతున్నప్పుడు ఇక భయమెందుకన్నది ఆయన సందేహం. దానికి సమాధానం అమీబా దగ్గర మొదలవుతుంది.

మన పాఠశాలలు అమీబాను ‘పటము గీచి భాగములను గుర్తింపుము’ అనే ప్రశ్నకు కుదించేశాయి. మిథ్యాపాదాలు చక్కగా గీసి మార్కులు తెచ్చుకునే పిల్లలకు, ఆ జీవి తాను మింగిన తిండి చేతిలోనే ఎలా చస్తుందో ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ట్యాంకు గోడలకూ పైపుల లోపలా పట్టే పాచిలో అమీబాలు తిరుగుతూ బాక్టీరియాను మింగుతుంటాయి. మింగిన బాక్టీరియా ఒక పొర సంచిలో చిక్కుకుంటుంది. జీర్ణరసాలున్న లైసోజోములు వచ్చి ఆ సంచితో కలిసిపోగానే దాని పని ముగుస్తుంది. లెజియొనెల్లా మాత్రం తన స్రావక యంత్రాంగం ద్వారా మూడు వందలకు పైగా ప్రోటీన్లను సంచి దాటించి అమీబా కణద్రవ్యంలోకి పంపుతుంది. అవి లైసోజోములను దరిచేరనివ్వకుండా, అంతర్జీవద్రవ్య జాలం (కణం లోపలి పొరల వల) నుంచి బయలుదేరే పొరబుడగలను దారి మళ్ళించి సంచి చుట్టూ అతికిస్తాయి. అప్పుడా సంచి అమీబాకు తన సొంత కణాంగంలాగే తోస్తుంది. కోకిల గుడ్డును కాకి తనదే అనుకొని పొదిగినట్టు, అమీబా ఈ సంచిని తన భాగమే అనుకొని అమైనో ఆమ్లాలు అందించి పోషిస్తుంది. పోలిక ఇక్కడి వరకే సరిపోతుంది. కోకిల పిల్ల రెక్కలొచ్చాక ఎగిరిపోతుంది, లెజియొనెల్లా సంతానం మాత్రం కాకినే చీల్చుకొని బయటికి వస్తుంది. అమీబాలలో ఇది పెరుగుతుందని బ్రిటన్ శాస్త్రజ్ఞుడు రోబోథమ్ 1980లో చూపాడు.

మన ఊపిరితిత్తులలోని మాక్రోఫేజ్ కణాలు కూడా బాక్టీరియాను మింగే కణాలే కాబట్టి అదే మాయ అక్కడా పనిచేస్తుంది. ఊరు వెళ్ళి వచ్చాక జ్వరం వస్తే కొందరు దిష్టి తీస్తారు, కొందరు ‘కొత్త నీళ్ళు పడలేదు’ అంటారు. ఈ జబ్బులో తప్పు నీటిదే కానీ దారి వేరు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే తప్ప, తాగిన నీటితో ఇది రాదు. షవర్లు, ఫౌంటెన్లు, పెద్ద భవనాల ఏసీ కూలింగ్ టవర్లు చిమ్మే తుంపరలలో 5 మైక్రాన్ల లోపువి గాలితోపాటు ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులైన వాయుగోణుల దాకా చేరతాయి. రోగిని తాకినా, పక్కన కూర్చున్నా సాధారణంగా అంటుకోదు.

లక్షణాలు బయటపడడానికి సాధారణంగా 2 నుంచి 10 రోజులు పడుతుంది. 1976 జులైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్‌లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం మహాసభ జరిగినప్పుడు, చాలామంది ఇళ్ళకు చేరాకే ఈ జబ్బుతో మంచం పట్టారు. 34 మంది చనిపోయారు. ఒకే సంఘం వారు కావడం వల్ల ఆ సంబంధం తొందరగా బయటపడింది. తిరుమల దర్శనం చేసుకొని వెళ్ళే యాత్రికులు ఒకరికొకరు తెలియనివారు. ఒకే లాడ్జి నీటితో నలుగురు జబ్బుపడినా, నాలుగు ఊళ్ళలో నాలుగు విడివిడి న్యుమోనియాలుగానే మిగిలిపోవచ్చు.

ఈ బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య వృద్ధి చెందుతుంది. చన్నీటిని 20 డిగ్రీల లోపు ఉంచమనే చలిదేశాల నియమం, మే నెలలో మేడ మీది నల్ల ట్యాంకు కుళాయి తిప్పితే చేయి చురుక్కుమనే చిత్తూరులో సాధ్యం కాదు. కార్తీకంలో తుఫాను పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే సోలార్ హీటర్ నీరు సరిగ్గా దానికి అనువైన గోరువెచ్చదనానికి దిగుతుంది. కరెంటు ఆదా కోసం గీజరును 45 దగ్గర పెట్టడం కూడా అంతే. దాన్ని 60 వద్ద ఉంచి, కాలకుండా బకెట్టులో చన్నీళ్ళు కలుపుకోవాలి. చెంబుతో పోసుకుంటే తుంపరలూ తక్కువే.

ఇక క్లోరిన్ సంగతి. బోరు నీళ్ళు వాడే చోట షవర్ తలను విప్పి చూడండి: రంధ్రాల వెనక తెల్లటి ఉప్పు పెచ్చు, దాని మీద వేలికి జారుడుగా తగిలే పాచి కనిపిస్తాయి. ఆ పాచి లోపలికి క్లోరిన్ పూర్తిగా దిగదు. ప్రమాదం పసిగట్టిన అమీబా గట్టి కవచం కట్టుకుంటే లోపలి బాక్టీరియాకూ అదే రక్షణ అవుతుంది. అందుకే ముందు ట్యాంకు అడుగున చేరిన మడ్డిని తీసి, గోడలు రుద్ది కడిగి, ఆ తర్వాతే క్లోరిన్ కలపాలి. వాడని గదులలో నీరు నిలిచిపోతుంది కనుక వారానికొకసారైనా షవర్ తల విప్పి, కిటికీ తెరిచి, కుళాయిలు కొన్ని నిమిషాలు నెమ్మదిగా వదలాలి. ఏ కుళాయికీ చేరని పైపు ముక్కలను కోయించి మూసివేయాలి. కూలింగ్ టవర్ ఉన్న భవనాలకు క్రిమినాశక చికిత్సతోపాటు తుంపరలను ఆపే పలకలు కూడా తప్పనిసరి.

యాభై దాటినవారు, పొగతాగేవారు, మధుమేహం ఉన్నవారు ప్రయాణం తర్వాత జ్వరం, దగ్గు, ఆయాసంతో వస్తే, గత రెండు వారాల్లో ఎక్కడ బస చేశారో వైద్యుడు అడగాలి. పెన్సిలిన్ తరహా మందులు కణాల లోపల దాగిన ఈ బాక్టీరియా మీద పనిచేయవు. అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ అక్కడి దాకా చొచ్చుకుపోతాయి. మూత్ర పరీక్ష త్వరగా ఫలితమిస్తుంది కానీ ప్రధానంగా ఈ బాక్టీరియాలో సెరోగ్రూప్ 1 అనే రకాన్నే పడుతుంది, కనుక అందులో లేదని వచ్చినా అనుమానం మిగిలితే కఫాన్ని పీసీఆర్ పరీక్షకు పంపాలి.