ఒక యుద్ధం, మూడు కుంపట్లు

సియాచిన్ మీద కిరసనాయిలు లేకపోతే మనిషి బతకడు. వంటకి అదే, మంచు కరిగించి తాగే నీళ్ళకి అదే, లోపల వెచ్చదనానికి వెలిగించే బుఖారీకి కూడా అదే. అక్కడి పోస్టులకి అది జెర్రీ క్యాన్లలో చేరుతుంది. ఒక్క క్యాన్ వెనకాలే మనమూ బయల్దేరామనుకోండి. రిఫైనరీ ప్రభుత్వ రంగ ఆయిల్ కంపెనీది. పట్టాలు రైల్వేవి. తర్వాత కొండెక్కే లారీ చాలాసార్లు ప్రైవేటు ఓనర్‌ది. ఆ లారీ నడిచే రోడ్డు సరిహద్దు రహదారుల సంస్థ బీఆర్‌ఓ చూసుకునేది. లేహ్‌లో సరుకు దింపుకునేది ఆర్మీ సర్వీస్ కోర్ డిపో. బేస్ క్యాంప్ దాటాక హెలికాప్టర్ ఎత్తుకెళ్తుంది. గాలి పలచబడే కొద్దీ అది మోయగల బరువు తగ్గిపోతుంది, పై పోస్టులకి ఒక విడతకి మోసేది కొన్ని పదుల కిలోలే. హెలికాప్టర్ కూడా దిగలేని చోటికి లద్దాఖీ పోర్టర్ వీపు మీద పెట్టుకుని నడుస్తాడు.

ఇంతమంది చేతులు మారిన ఆ క్యాన్‌కి ఆద్యంతం జవాబుదారీ అయిన మనిషి ఎవరు? ఒక్కరంటూ లేరు. త్రివిధ దళాలకీ ఉమ్మడి సరఫరా వ్యవస్థ కావాలని, అందులో రైల్వే, ఆయిల్ కంపెనీలు, ఓడరేవులు, మిత్రదేశాలు కూడా కలవాలని ఇప్పుడు ఢిల్లీలో జరుగుతున్న చర్చంతా ఈ ప్రశ్న చుట్టూనే. ప్రశ్న మాత్రం కొత్తది కాదు, వందేళ్ళ పైబడినది.

ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు వేరు కుంపట్లు పెట్టుకున్నట్టు ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఎవరి గోదాములు, ఎవరి లెక్కలు, ఎవరి కొనుగోళ్ళు వాళ్ళు నడుపుకుంటూ వచ్చాయి. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. బియ్యం, పప్పు, గోధుమపిండి విషయంలో పొయ్యి ఎప్పటినుంచో ఒకటే. మూడు దళాలకీ రేషన్ సమకూర్చేది ఆర్మీ సర్వీస్ కోరే. భవనాలు కట్టే ఎంఈఎస్, వైద్య సేవలూ ఉమ్మడివే. వేరుపడినవి విడిభాగాలు, ఆయుధాలు, వాహనాలు, రవాణా, వీటన్నిటి మీదా కూర్చున్న కంప్యూటర్ లెక్కలు. అంటే తిండి దగ్గర కలిసినవాళ్ళు పనిముట్ల దగ్గర విడిపోయారు.

అంతకుముందు ఆర్మీ ఒక్కటే మూడు ముక్కలుగా ఉండేది. 1895 దాకా బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీల సైన్యాలు వేటికవే. వాటిని కలిపిన ఇరవై ఏళ్ళకి పెద్ద పరీక్షే వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాకి, అంటే ఇవాళ్టి ఇరాక్‌కి, దండు బయల్దేరింది ఇండియా నుంచే. నిర్ణయాలు కొన్ని సిమ్లాలో, కొన్ని లండన్‌లో. సరుకులు బొంబాయి నుంచి బస్రాకి. బస్రాలో పెద్ద ఓడలు సరుకు దింపుకోవడానికి సరైన రేవు కట్టలు లేవు. అక్కడి నుంచి టైగ్రిస్ నది మీదుగా పైకి పోవాలంటే లోతు తక్కువ నీళ్ళలో తిరిగే స్టీమర్లు కావాలి, అవి చాలినన్ని లేవు. దండు మాత్రం బాగ్దాద్ వైపు ముందుకే పోయింది. 1915 నవంబర్‌లో బాగ్దాద్‌కి ఇవతల టెసిఫాన్ దగ్గర టర్కీ సేనల చేతిలో దెబ్బతిన్నాక గాయపడ్డవాళ్ళని బల్లకట్లలో పడేసి, ఎండకీ చలికీ వదిలేసి, రోజుల తరబడి నదిలో కిందికి తెచ్చారు. వెనక్కి వచ్చి కుట్ పట్టణంలో చిక్కుకున్న దళం 1916 ఏప్రిల్ 29న లొంగిపోయింది. దాదాపు 13 వేలమంది, ఎక్కువమంది మన సిపాయిలే. తర్వాత కమిషన్ వేశారు, 1917లో నివేదిక వచ్చింది, లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. స్టీమర్లు అడగాల్సింది ఎవరు, పంపాల్సింది ఎవరు అని తవ్వుతూ పోతే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

స్వాతంత్ర్యం వచ్చిన రోజే, 1947 ఆగస్టు 15న, మొత్తం సేనలకి ఒకే కమాండర్-ఇన్-చీఫ్ అనే పదవిని తీసేశారు. మూడు దళాలకి ముగ్గురు అధిపతులయ్యారు. కొత్త ప్రజాస్వామ్యంలో ఒకే సైనికాధికారి చేతిలో అంత బలం ఉండకూడదనే ఆలోచనలో తప్పేమీ లేదు, చుట్టుపక్కల దేశాల్లో ఏమైందో చూశాంగా. కుంపట్లు మూడుగా స్థిరపడింది మాత్రం అప్పుడే.

అయినా అవసరం మీద పడినప్పుడు కలిసి పనిచేయడం వాళ్ళకి చేతకాక కాదు. పాకిస్తాన్‌తో తొలి కశ్మీర్ యుద్ధంలో, 1948 మే 24న, మెహర్ సింగ్ అనే వైమానికదళ అధికారి, పక్కన జనరల్ తిమ్మయ్యని కూర్చోబెట్టుకుని, హిమాలయాల మీదుగా డకోటా విమానాన్ని లేహ్‌లో దింపాడు. అక్కడ ఉన్నది నది ఒడ్డున చదును చేసిన ఇసక నేల. అదే ఏడాది నవంబర్‌లో జోజిలా కనుమ మీదికి స్టువర్ట్ ట్యాంకులు ఎక్కించారు. వాటికి దారి తవ్వింది మద్రాస్ శాపర్లు, అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం. తెలుగు, తమిళ ఊళ్ళ నుంచి వెళ్ళిన కుర్రాళ్ళు ఎందరో ఉండే దళం అది.

1962లో చైనాతో యుద్ధంలో ఆ సమన్వయం కనిపించలేదు. ఈశాన్య సరిహద్దులో నామ్కా చూ అనే ఏటి దగ్గర నిలబెట్టిన బ్రిగేడ్‌కి రోడ్డు లేదు. విమానాల నుంచి జారవిడిచిన మూటల్లో చాలా భాగం లోయల్లో పడిపోయింది. నూలు బట్టలతో, మనిషికి యాభై తూటాలతో నిలబడినవాళ్ళ మీద అక్టోబర్ 20న దాడి జరిగింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధానికి ముందు ఆర్మీ చీఫ్ మానెక్‌షా తొందరపడనన్నాడు. వానలు, కనుమల్లో మంచుతో పాటు ఆయన చెప్పిన ఇంకో కారణం నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపిస్తుంది. పంట ఇంటికొచ్చే కాలం, సైన్యాన్ని కదిలించాలంటే రైలు వ్యాగన్లన్నీ నాకే కావాలి, మరి ధాన్యం ఎలా తోలతారు అని అడిగాడట. యుద్ధానికీ రేషన్ షాపుకీ బండి ఒకటేనని అంత తేటగా చెప్పిన సైనికాధికారి మరొకరు కనిపించరు.

లద్దాఖ్‌లో మరో లెక్క నడుస్తుంది. శ్రీనగర్ వైపు దారిలో జోజిలా ఎత్తు సుమారు 11,500 అడుగులు, మనాలీ వైపు రోహ్‌తాంగ్ 13 వేల పైమాటే. చలికాలంలో రెండూ మూతపడేవి. అందుకే మే నుంచి నవంబర్ లోపల ఆరు నెలల సరుకు పైకి చేర్చేయాలి. సైన్యం దీన్ని అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటుంది. మన అమ్మమ్మలు ఎండాకాలంలోనే ఆవకాయ, వడియాలు, కొత్త చింతపండు, ఏడాది బియ్యం సర్దేసుకున్నట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ లెక్క తప్పితే పక్కింటికెళ్ళి అడగలేం.

1999లో కార్గిల్ యుద్ధం ఈ లెక్కలన్నిటినీ బయటపెట్టింది. మన దగ్గర ఏముంటే దానితోనే పోరాడతామని అప్పటి ఆర్మీ చీఫ్ వి.పి. మాలిక్ విలేకరుల ముందు అనేశారు. ధైర్యంగా వినిపించే మాటే. కానీ లోపల దాగిన అర్థం గోదాము ఖాళీ అని. యుద్ధం తర్వాత కె. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో కమిటీ, దాని మీద మంత్రుల బృందం, 2001లో సిఫార్సులు. మూడు దళాల మీదా ఒక త్రిదళాధిపతి ఉండాలన్నారు. 2001 అక్టోబర్‌లో అండమాన్‌లో మొదటి ఉమ్మడి కమాండ్ పెట్టారు. త్రిదళాధిపతిని నియమించడానికి మాత్రం దాదాపు 19 ఏళ్ళు పట్టింది.

ఆ కాలపు లెక్కల మీద ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్ చురకలు పెట్టింది. తీవ్రస్థాయి యుద్ధానికి 40 రోజుల మందుగుండు ఉండాలని లెక్క. 2016 సెప్టెంబర్ నాటికి 152 రకాల్లో 61 రకాలు పది రోజులకి కూడా చాలవని 2017లో రాసింది. 2020లో పార్లమెంటు ముందుకొచ్చిన నివేదిక ఎత్తైన ప్రాంతాల్లో ఉండే జవాన్ల సామాన్ల గురించి. మంచు కళ్ళద్దాల కొరత 62 నుంచి 98 శాతం. మంచు మీద పడే ఎండ కళ్ళలోకి నేరుగా కొట్టే చోట కళ్ళద్దాలు లేకపోవడమేమిటి? ఇది వేల కోట్ల విమానం కాదు, ఇండెంట్ పెట్టి తెప్పించుకునే సరుకు. కుంపట్లు కలపాలనే వాదనకి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఇంకేం కావాలి అని కొందరంటారు. నాకు మాత్రం ఇది కుంపట్ల సంఖ్య గొడవ కాదు, ఒకే కుంపటి లోపల కాగితం కదలకపోవడం అనిపిస్తుంది. మూడింటినీ కలిపినంత మాత్రాన ఆ కాగితం వేగం పెరగదు.

2020 జనవరి 1న బిపిన్ రావత్ మొదటి త్రిదళాధిపతి అయ్యారు. ఆయనకిచ్చిన పనుల్లో లాజిస్టిక్స్, రవాణా, మరమ్మతులు, శిక్షణల్లో ఉమ్మడితనం మూడేళ్ళలో తేవాలని స్పష్టంగా రాశారు. ఆరు నెలలు తిరక్కుండానే లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ. జూన్ 15 రాత్రి సూర్యాపేటకి చెందిన కర్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది ప్రాణాలిచ్చారు. ఆ వెంటనే లద్దాఖ్‌కి వైమానికదళం 68 వేలమందికి పైగా సైనికులని, 90 దాకా ట్యాంకులని, సైనికులని మోసే కవచ వాహనాలు బీఎంపీలని 330 దాకా చేర్చింది. ఆ బీఎంపీలు తయారయ్యేది హైదరాబాద్ పక్కనే, ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో. అంతమంది అదనంగా చలికాలమంతా పైనే ఉండాలి. మామూలుగా ఏటా సర్దే ఆవకాయ జాడీలు ఒక్కసారిగా చాలలేదు. చలి బట్టల్లో కొన్ని అవసరానికి ఒకరి సరుకులు ఒకరు వాడుకునేలా అమెరికాతో 2016లో చేసుకున్న లాజిస్టిక్స్ ఒప్పందం కిందే తెప్పించుకున్నారు. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు మన గడ్డ మీద అమెరికా స్థావరాలు వస్తాయని పెద్ద గొడవ జరిగింది. చివరికి పనికొచ్చింది కోట్లు, బూట్ల దగ్గర.

ఆ చలిలో మామూలు డీజిల్ గడ్డకడుతుంది. అంతకు ఏడాది ముందే, 2019 నవంబర్‌లో, ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్‌ని లద్దాఖ్ కోసం విడుదల చేసి ఉంది. ముందుచూపు అంటే ఇదీ. దాని పేరు వార్తల్లో ఎక్కువగా రాలేదు.

రావత్ ప్రారంభించిన వాటిలో నిలబడినవి జాయింట్ లాజిస్టిక్స్ నోడ్‌లు. ముంబయిలోది 2021 ఏప్రిల్ 1న మొదలైంది. గువాహటి, పోర్ట్ బ్లెయిర్‌లలోనూ ఉన్నాయి. చిన్న ఆయుధాల తూటాలు, రేషన్, ఇంధనం, అద్దె లారీలు, విడిభాగాలు ఆ ఊళ్ళో ఉన్న మూడు దళాలకీ ఒకే కిటికీ దగ్గర దొరకాలన్నది ఉద్దేశం. దానికి ముందురోజే, మార్చి 31న, 1889లో అలహాబాద్‌లో మొదలైన మిలిటరీ ఫార్మ్‌లని మూసేశారు. దండుకి పాల కోసం సైన్యమే ఆవుల్ని పెంచిన రోజులు 132 ఏళ్ళకి ముగిశాయి. పాలు ఇప్పుడు డెయిరీ నుంచి వస్తాయి. అదే ఏడాది డిసెంబర్ 8న రావత్ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. ఆ కుర్చీ దాదాపు పది నెలలు ఖాళీగా ఉంది. మూడేళ్ళ గడువు అలాగే దాటిపోయింది.

అసలు చిక్కు కుర్చీలో కాదు, అంకెల్లో ఉంది. ఒక బేరింగ్ అనుకోండి. ఆర్మీ స్టోర్‌లో దానికో నంబరు, నేవీ డాక్‌యార్డ్‌లో ఇంకో నంబరు, ఎయిర్‌ఫోర్స్ డిపోలో మూడోది. మూడు దళాలకీ మూడు వేర్వేరు కంప్యూటర్ వ్యవస్థలు. ఎయిర్‌ఫోర్స్ లెక్క ఐమాల్స్‌లో ఉంటే, నేవీది వాళ్ళ ఐఎల్‌ఎంఎస్‌లో. విశాఖలో అయిపోయిన బేరింగ్ పక్క దళం స్టోర్‌లో దుమ్ము పట్టి ఉన్నా స్క్రీన్ మీద కనిపించదు. నాటో దేశాలు ప్రతి వస్తువుకీ 13 అంకెల నంబరు ఇస్తాయి, నాటోలో లేకపోయినా మనం ఆ పద్ధతిని తీసుకున్నాం. లక్షల వస్తువులకి ఆ నంబర్లు వేసి, పాతవాటితో జత చేయడమన్నది సికింద్రాబాద్ లాంటి చోట్ల స్టోర్ గుమస్తాలు ఏళ్ళ తరబడి కూర్చుని చేసే పని. ఒక్కో ప్రాంతంలో మూడు దళాలనీ ఒకే అధికారి కిందికి తెచ్చే థియేటర్ కమాండ్‌ల మీద టీవీ చర్చల్లో ఎవరికి ఎన్ని నక్షత్రాలు, హెడ్‌క్వార్టర్స్ జైపూర్‌లోనా లక్నోలోనా అన్నది గంటల తరబడి మాట్లాడతారు. ఈ బేరింగ్ గురించి ఒక్కరూ ఎత్తరు.

ఇక బయటివాళ్ళతో కలవడం. అమెరికా తర్వాత ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, జపాన్‌లతో కూడా లాజిస్టిక్స్ ఒప్పందాలు వచ్చాయి. 2022 ఆగస్టులో అమెరికా నేవీకి సరుకు మోసే చార్లెస్ డ్రూ అనే ఓడ చెన్నై పక్కన కాట్టుపల్లి యార్డుకి మరమ్మతుకి వచ్చింది. అలా ఒక అమెరికా నేవీ ఓడ మన యార్డుకి రావడం అదే మొదటిసారి. విశాఖలో హిందుస్తాన్ షిప్‌యార్డ్ ఇప్పుడు మన నేవీ కోసం ఐదు భారీ సహాయక నౌకలు కడుతోంది. 2023 ఆగస్టులో దాదాపు 19 వేల కోట్లకి ఒప్పందం, ఒక్కోటి 44 వేల టన్నులు. నడిసముద్రంలో యుద్ధనౌకలకి ఇంధనం, నీళ్ళు, తిండి, మందుగుండు అందించే ఓడలివి.

దేశం లోపల రైల్వే, రోడ్లు, ఓడరేవుల్ని ఒకే పటం మీద చూపే గతిశక్తి పథకం 2021 అక్టోబర్‌లో వచ్చింది. ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ 2024లో వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకున్నాయి. 2025 జనవరిలో పుణెలో జరిగిన ఆర్మీ డే పరేడ్‌లో రోబో కంచరగాడిదలు నడిచాయి. అసలు కంచరగాడిదలు ఇంకా కొండల్లో బరువులు మోస్తూనే ఉన్నాయి.

2020 అక్టోబర్‌లో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్‌తో రోహ్‌తాంగ్ అడ్డు తొలగింది. 2025 జనవరిలో సోన్‌మార్గ్ టన్నెల్ వచ్చింది. దాని అవతల జోజిలా కింద పదమూడు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వుతున్నది హైదరాబాద్‌కి చెందిన మేఘా కంపెనీ. అది తెరుచుకున్నాక కార్గిల్, లేహ్‌లకి చలికాలంలోనూ లారీ పోతుంది. అప్పుడు ఆరు నెలల సరుకు ముందే సర్దడం ఎందుకు, లేహ్ డిపోలని సగానికి తగ్గించొచ్చు కదా అని లెక్కల మనిషి అడుగుతాడు. లేహ్‌లో పనిచేసినవాళ్ళని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. సొరంగానికి రెండు నోళ్ళు ఉంటాయి, ఒక్క నోటి మీద క్షిపణి పడితే చాలు. పైగా టన్నెల్ అవతల రోడ్డు మీద హిమపాతాలు ఎక్కడికీ పోవు. అందుకని మే రాగానే లారీల వరస యథాప్రకారం జోజిలా ఎక్కుతోంది, క్యాన్లు నిండుతున్నాయి.