టీవీ వైర్లు దాచడం వేరు, గోడలో పూడ్చడం వేరు

విజయనగరంలో దసరా దగ్గర పడితే ఇళ్లకు రంగులు మొదలవుతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలొస్తారు. ఆలోగా టీవీ గోడకెక్కాలి, కింద వేలాడే వైర్లు కనపడకూడదు. వైరింగ్ పని మీద వెళ్లిన ఇళ్లలో ఏటా అవే మాటలు వింటున్నాను. కొన్ని మాటలు వింటే నిజంగా భయమేస్తుంది, అందుకే రాస్తున్నాను.

అపోహ: "టీవీ ఎంత కరెంటు లాగుతుందండీ? దాని వైరునే గాడి కొట్టి పూడ్చేయండి."

లోడు తక్కువన్న మాట నిజమే. 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ సుమారు 100 వాట్లు తీసుకుంటుంది. 230 వోల్టుల దగ్గర అది అర ఆంపియర్ కూడా కాదు. ఆ వైరు లోడుకు వేడెక్కుతుందని నేనూ అనను. భయం వేరే చోట ఉంది. టీవీతో వచ్చే మెత్తటి వైరును గాలిలో వేలాడటానికి తయారు చేశారు, సిమెంటులో ఉండటానికి కాదు. రేపు ఎవరో ఫొటో ఫ్రేముకు మేకు కొడితే అది నేరుగా వైరులో దిగుతుంది. టీవీ మార్చినా, వైరు పాడైనా గోడ పగలగొట్టక తప్పదు.

పైగా పూడ్చిన వైరు పొడవు చాలదు. అప్పుడు ముక్క కలిపి, టేపు చుట్టి, పైన పూసేస్తారు. నేను చూసిన అన్ని తప్పుల్లోకీ చెడ్డది ఇదే. దాసన్నపేటలో ఒక ఇంట్లో కాలిన వాసన వస్తోందని పిలిచారు. టీవీ కింద బోర్డుకు వెళ్లే వైరును పూతలోనే అతికి వదిలేశారు. వానాకాలం ఆ బోర్డులోనే ఇస్త్రీ పెట్టె పెడుతున్నారు. 1000 వాట్ల పెట్టె నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. అతుకు వదులైన చోట అంత కరెంటు పారితే వేడి పుడుతుంది. "ఎంసీబీ ఉంది కదా, ఎందుకు పడలేదు?" అని ఆ ఇంటి పెద్దాయన అడిగారు. ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్. దానికి తెలిసేది ఆ హద్దు దాటిందా లేదా అన్నదే. పది ఆంపియర్ల ఎంసీబీకి నాలుగు ఆంపియర్లు మామూలు సంగతి, అతుకు మాత్రం లోపల కాలుతూనే ఉంటుంది.

సరైన పద్ధతి కష్టమైనదేం కాదు. టీవీ వెనకాలే సాకెట్ పెట్టించండి. స్విచ్‌బోర్డు నుంచి అక్కడికి పైపులో 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఎర్తుతో సహా, మధ్యలో అతుకు లేకుండా రావాలి. టీవీ వైరు ఆ సాకెట్ దాకే వెళ్తుంది. ముందు బ్రాకెట్ కొలత గీసుకుని, ఆ తర్వాతే సాకెట్ చోటు ఖాయం చేయాలి. లేకపోతే బాక్సు సరిగ్గా బ్రాకెట్ కిందకు వచ్చి, ప్లగ్గు పెట్టడానికి సందు ఉండదు.

అపోహ: "ఎలాగూ పైపు వేస్తున్నారుగా, కేబుళ్లన్నీ అందులోనే లాగేయండి."

కరెంటు వైరు, హెచ్‌డీఎంఐ (సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి బొమ్మ, శబ్దం తెచ్చే కేబుల్) ఒకే పైపులో ఉంటే బొమ్మ పాడవుతుందని కొందరంటారు. హెచ్‌డీఎంఐ డిజిటల్ కాబట్టి బొమ్మకు పెద్దగా ఏమీ కాదు. పాత హోమ్ థియేటర్ ఆడియో వైర్లలో మాత్రం గుయ్యిమనే చప్పుడు రావచ్చు. వేరుగా వేయమనేది ప్రాణ భద్రత కోసం. కరెంటు వైరు తొడుగు దెబ్బతింటే ఆ 230 వోల్టులు పక్క కేబుల్ మీదుగా సెట్‌టాప్ బాక్సు దాకా, అక్కడి నుంచి మీ చేతి దాకా వస్తాయి.

ఇంకో చిక్కు హెచ్‌డీఎంఐ ప్లగ్గు. తొడుగుతో కలిపి అది దాదాపు 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మామూలు వైరింగ్ పైపులో బెండు దగ్గర ఇరుక్కుంటుంది. అందుకని దీనికి 40 ఎంఎం పైపు వేయాలి, వంపులు పెద్దవిగా ఉండాలి, లోపల ఒక నైలాన్ తాడు వదలాలి. పని నేర్చుకునే రోజుల్లో నేను ఒక ఇంట్లో హెచ్‌డీఎంఐని పైపు లేకుండా పూతలో పెట్టేశాను. తర్వాత వాళ్లు 4కే టీవీ కొన్నారు, ఆ పాత కేబుల్‌కు బొమ్మ ఆగి ఆగి వచ్చేది. తీద్దామంటే రాలేదు. గోడ నా ఖర్చుతోనే బాగు చేయించాను. అప్పటి నుంచి తాడు లేని పైపు ఏ ఇంట్లోనూ వదల్లేదు.

అపోహ: "గోడ మాదే కదా, ఎక్కడ కోస్తే ఏంటి?"

పిల్లరును, బీమును మాత్రం ముట్టుకోకండి. అపార్ట్‌మెంట్లలో టీవీ గోడ పక్కనే పిల్లరు ఉంటుంది, నాలుగు అంగుళాలే కదా అని కోసేస్తారు. ఊచ బయటపడితే తుప్పు మొదలవుతుంది. భోగాపురం, కళింగపట్నం వైపు ఉప్పు గాలికి ఇంకా త్వరగా.

ఇటుక గోడకైనా లెక్క ఉంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. నాలుగున్నర అంగుళాల గోడలో మూడో వంతంటే ఒకటిన్నర అంగుళం. అంటే 38 ఎంఎం. 40 ఎంఎం పైపు నిలువుగా వేసినా ఆ లెక్క కొంచెం దాటుతుంది, అడ్డంగా అసలే కుదరదు. ఏటవాలుగా ఎప్పుడూ వేయించకండి. వైరు నిలువుగానో అడ్డంగానో ఉంటేనే తర్వాత డ్రిల్ పట్టుకునే మనిషి ఊహించగలడు. పూతకు ముందు గాడి పక్కన కొలత టేపు ఆనించి ఫోన్లో ఫొటో తీసుకోండి.

అపోహ: "ప్యానెల్ కొట్టిస్తున్నాం, వెనక వైర్లు ఎలా ఉన్నా పర్లేదు."

ఎలుకలకు అంతకన్నా మంచి చోటు దొరకదు. ప్యానెల్ వెనక కూడా పైపే వేయించండి, సాకెట్ దగ్గర చేయి దూరే మూత ఒకటి పెట్టించండి.

అపోహ: "కేసింగ్ పట్టీ డబ్బుల్లేనివాళ్లు వేసుకునేది."

ఈ మాట వింటే బాధేస్తుంది. కేసింగ్ పట్టీ అంటే గోడ మీద బిగించి, వైర్లు లోపల పెట్టి మూత వేసే పట్టీ. అద్దె ఇంటికి, పాత సున్నపు గోడకు, సన్న గోడకు నేను ముందు చెప్పేది కేసింగ్ పట్టీనే. కరెంటుకు ఒకటి, మిగతా కేబుళ్లకు ఒకటి వేసి, గోడ రంగే పూస్తే నాలుగడుగుల దూరం నుంచి కంటికి ఆనదు. మూత తీస్తే వైరు చేతికొస్తుంది.

అపోహ: "సెట్‌టాప్ బాక్సు టీవీ వెనక పెడితే రిమోటు పనిచేయదు."

బ్లూటూత్ రిమోటైతే పనిచేస్తుంది. మామూలు రిమోటుకు బాక్సు ఎదురుగా కనపడాలి, లేదా రిమోటు సిగ్నల్‌ను బాక్సు దాకా తీసుకెళ్లే ఐఆర్ ఎక్స్‌టెండర్ వైరు వేయాలి. గాలి ఆడేలా సందు మాత్రం వదలండి, బాక్సు వేడెక్కుతుంది.

గాడి కొట్టించాలంటే లప్పానికి ముందే పిలవండి. పూసిన చోట నాలుగైదు రోజులు నీళ్లు కొట్టాలి, అది ఆరాకే లప్పం పెట్టాలి, ఆ తర్వాత రంగు. సిరిమానుకు రెండు రోజుల ముందు పిలిస్తే కేసింగ్ పట్టీ వేసి వెళ్తాను, గోడ మాత్రం కోయను.