బ్లేడ్ రన్నర్ చూసినవాళ్లు ఏమన్నారు?

చిరంజీవులకు,

పెద్దనాన్న ఆశీస్సులు. సినిమా చూసొచ్చి ఒకరేమో సూపర్ అని, ఇంకొకరేమో సెకండాఫ్ అంతా ల్యాగ్ అని పోట్లాడుకుని, ఎవరిది కరెక్టో చెప్పమని నాకు మెసేజ్ పెట్టారు. ఆ సినిమా నేను చూడలేదు, కాబట్టి తీర్పు నా వల్ల కాదు. జనం మాట విని ముగింపే మార్చుకున్న ఒక సినిమా సంగతి చెప్తాను. అది చదివాక మళ్లీ పోట్లాడుకోండి.

దాని పేరు బ్లేడ్ రన్నర్. 1982లో వచ్చింది. దర్శకుడు రిడ్లీ స్కాట్, హీరో హారిసన్ ఫోర్డ్. కథ జరిగేది 2019 నవంబరులో, లాస్ ఏంజలస్‌లో. ఎడతెగని వాన, నియాన్ బోర్డులు, ఎగిరే కార్లు. అచ్చం మనుషుల్లా ఉంటూ నాలుగేళ్లే బతికేలా తయారైన రెప్లికెంట్లు కొందరు తప్పించుకుని భూమ్మీదికి వస్తారు. వాళ్లను వెతికి చంపడం హీరో డెకార్డ్ పని. పెద్దవాళ్ల సినిమా ఇది. అమ్మను అడక్కుండా పెట్టుకోకండి.

విడుదలకు ముందు, మార్చిలో, డెన్వర్‌లోనూ డల్లాస్‌లోనూ మామూలు ప్రేక్షకులకు వేసి చూపించారు. హాలీవుడ్‌లో ఇది పాత అలవాటు. షో అయ్యాక కార్డు చేతికిస్తారు, ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో రాసివ్వాలి. చాలామందికి కథ సరిగా అర్థం కాలేదు, నెమ్మదిగా అనిపించింది, చివర దిగులుగా తోచింది. దాదాపు 3 కోట్ల డాలర్ల సినిమా. డబ్బు పెట్టినవాళ్లకు టెన్షన్ పట్టుకుంది. వెంటనే డెకార్డ్ గొంతుతో కథంతా విడమరిచి చెప్పించారు. లిఫ్ట్ తలుపు మూసుకోవడంతో అయిపోవాల్సిన సినిమాకు హీరో హీరోయిన్లు కారులో పచ్చటి కొండల మధ్య వెళ్లిపోయే సీను అతికించారు. ఆ కొండలు కూడా సొంతం కాదు! స్టాన్లీ క్యూబ్రిక్ అనే దర్శకుడు తన సినిమా 'ది షైనింగ్' కోసం హెలికాప్టర్ నుంచి తీయించగా మిగిలిపోయిన షాట్లు. రెండు గంటలు వానలో తడిపి, ఉన్నట్టుండి ఎండలోకి తీసుకెళ్లారన్నమాట.

ఇన్ని చేసినా ఆడిందా అంటే, లేదు. జూన్ 25న విడుదలైంది. రెండు వారాల ముందే ఇ.టి. అనే స్పీల్‌బర్గ్ సినిమా వచ్చి ఇంటిల్లిపాదినీ థియేటర్లకు లాక్కుపోయింది. బ్లేడ్ రన్నర్‌కు ఆ మొదటి విడుదలలో అమెరికాలో పెట్టుబడి కూడా తిరిగి రాలేదు.

ఇంకో చిక్కూ ఉంది. హారిసన్ ఫోర్డ్ అంటే అప్పటికి జనానికి స్టార్ వార్స్‌లో హాన్ సోలో, సాహసాల సినిమాలో ఇండియానా జోన్స్. కొరడా పట్టి గెలిచే హీరో. ఇక్కడేమో అడుగడుగునా తన్నులు తింటాడు. ఒక సీనులో పారదర్శకమైన రెయిన్‌కోటు వేసుకున్న రెప్లికెంట్ అమ్మాయి ప్రాణభయంతో పరిగెడుతుంది. డెకార్డ్ వెనక నుంచి కాలుస్తాడు. షాపు అద్దాలు ఒకదాని తర్వాత ఒకటి పగలగొట్టుకుంటూ పోయి పడిపోతుంది. ఈల వేద్దామని వచ్చినవాడు ఆ సీనుకు ఏం చేస్తాడు? యాక్షన్ ఉంది, విలన్‌ను చంపాడు, అయినా ఆనందం లేదు. బయటికొచ్చి బాగోలేదన్నాడంటే అబద్ధం చెప్పినట్టు కాదు.

నా మటుకు ఆ కార్డుల మీద రాసింది కూడా నిజమే. కాకపోతే జ్వరంగా ఉందని రోగి చెప్పగలడు, మందుచీటీ రాయలేడు. ఇక్కడ మందు ఎలా వికటించిందో చివర్లో వచ్చే ఒక సీనులో తెలుస్తుంది. మేడ అంచున వేలాడుతున్న డెకార్డ్‌ను, అతన్ని చంపడానికి వెంటాడిన రెప్లికెంట్ రాయ్ ఒంటి చేత్తో పైకి లాగి కాపాడతాడు. రెండో చేతిలో పావురం. వానలో కూర్చుని, తాను చూసిన వింతలన్నీ తనతోనే పోతాయని నాలుగు మాటలు చెప్పి తల వాల్చేస్తాడు. ఆ మాటల్లో కొన్ని తీసేసి, కొన్ని కలిపింది ఆ పాత్ర వేసిన రట్గర్ హావర్. మనం నోట మాట రాక చూస్తుంటామా, అప్పుడు డెకార్డ్ గొంతు అందుకుంటుంది: చివరి క్షణాల్లో ప్రాణం అతనికి మరీ తీపి అనిపించిందేమో, అందుకే నన్ను కాపాడాడేమో అని. మనకు అప్పుడే తోచిన మాటను ఇంకొకరు చెవిలో చెప్పినట్టుంటుంది. నాకైతే ఒళ్లు మండుతుంది.

తర్వాత సినిమా వీడియో క్యాసెట్లలో బతికింది. ఆపి, వెనక్కి తిప్పి, ఆ నగరంలో ఏ మూల ఏముందో చూసుకునే వీలు దొరికింది. 1990లో లాస్ ఏంజలస్‌లో ఒక థియేటర్‌లో పాత ప్రింటు వేస్తే అది మార్పులకు ముందున్న కాపీ. మరుసటి ఏడాది మళ్లీ వేస్తే జనం బాగా వచ్చారు. దాంతో 1992లో ఆ గొంతూ, ఆ కొండలూ తీసేసి మళ్లీ విడుదల చేశారు. 1993లో అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చారు. రోజర్ ఈబర్ట్ అనే పేరున్న విమర్శకుడు 1982లో నాలుగుకు మూడు నక్షత్రాలిచ్చి, 2007లో తన గొప్ప సినిమాల జాబితాలో పెట్టుకున్నాడు. అలాగని ఇప్పుడు అందరికీ నచ్చుతుందని కాదు, నిద్రొచ్చిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు.

సూపర్, ల్యాగ్ అని ఊరుకోకుండా ఈసారి సరిగ్గా రాయండి. ల్యాగ్ అన్నవాళ్లు ఏ సీనులో ఫోన్ తీశారు? సూపర్ అన్నవాళ్లు ఏ సీను మళ్లీ చూడాలనుకున్నారు? థియేటర్‌కు వెళ్లేముందు ట్రైలర్ ఎన్నిసార్లు చూశారో కూడా రాయండి, అది ముఖ్యం, ఏం ఆశించి వెళ్లారో దాన్నిబట్టి తెలుస్తుంది. పరీక్షలయ్యాక ఇక్కడికి వస్తే, అమ్మ సరేనంటే, 2007లో దర్శకుడు మళ్లీ సరిచేసిన కాపీ పెడతాను.

పెద్దనాన్న